ప్రోగ్రాం నడిచిన నాటి మిర్చీలు

మా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫీజు ఆలస్యమైనా ఊరుకునేవాణ్ణి గానీ, మిర్చీలు ఆలస్యమైతే ఊరుకునేవాణ్ణి కాదు. ఎవరి ప్రోగ్రాం అయినా మొదటిసారి సరిగ్గా నడిచిన రోజు, వాళ్లు కిందికి వెళ్లి బ్యాచ్ మొత్తానికి వేడివేడి మిర్చీ బజ్జీలు తేవాలి. ఈ ఆచారం ఎవరు మొదలుపెట్టారో నాకు గుర్తులేదు. నిజామాబాద్‌లో బోధన్ వెళ్లే దారిలో, బ్యాటరీల దుకాణం పైన మావి రెండు గదులు. మెట్ల పక్కనే చాచా మిర్చీల బండి. పైన చప్పట్లు వినబడితే చాలు, ఎవరూ దిగకముందే ఆయన మూకుట్లో మిర్చీలు వేసేవాడు.

ఆ చప్పట్లకు ముందు చాలా ఏడుపు ఉండేది. ముందు కాగితం మీద రాయాలి, తర్వాతే కీబోర్డు ముట్టుకోవాలి అన్నది నా పట్టుదల. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరంతా తెలుసు. అయినా పిల్లలు వచ్చేవాళ్లు, తిట్లు తినేవాళ్లు, ఏదో ఒకరోజు మిర్చీలు తెచ్చేవాళ్లు.

పుస్తకాల్లో ఉండే బ్యాంకు లెక్కలంటే నాకు పడదు. నేను ఇచ్చేది కాలువ లెక్క. కోటగిరి దిక్కున ఒక కాలువ, దాని కింద కొన్ని పొలాలు. వంతులవారీగా నీళ్లు వదలాలి, ఏ పొలానికి ఎప్పుడు అందుతాయో ప్రోగ్రాం చెప్పాలి. చాలామంది కాలువ చివరి పొలాన్ని మరిచిపోతారు, పాపం అది ఎండిపోతుంది. చివర భూమి ఉన్న ఇంటి పిల్లలు మాత్రం ఎన్నడూ మరిచిపోలేదు. చేసిన తప్పు చూసి ఎవరు ఎక్కడినుంచి వచ్చారో చెప్పగలనని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఒక బ్యాచ్‌లో ఒకామె కమ్మర్‌పల్లి నుంచి వచ్చేది. షేర్ ఆటోలో ఆర్మూరు దాకా, అక్కడినుంచి బస్సు. డిగ్రీ చదివింది, పెళ్లయింది, బడికి పోయే కూతురు ఉంది. భర్త గల్ఫ్‌లో ఒక గోదాములో మూటలు మోస్తాడు. చేరిన రోజు నేను అడగకముందే చెప్పింది.

"నాకు ఈడ నౌకరి దొరికితే ఆయన వచ్చేస్తడు సార్. జీతం ఎంతయినా సరే. మళ్లీ పోనని మాటిచ్చిండు."

అందుకే ఆమె మిగతావాళ్లలా కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చోలేదు. కానీ కాలువ లెక్కలో ఆమె చేసిన తప్పు అంతకుముందు ఎవరూ చేయలేదు. పొలాలన్నిటికీ నీళ్లు ఒకేసారి వదిలేసింది.

"కాలువ తెగిపోదా అమ్మా? వంతులు అని మొత్తుకున్న కద!" అని అరిచాను.

"మా దిక్కు కాలువలు యాడియి సార్, అన్నీ బోర్లే. నా సిన్నప్పుడు కరెంటొచ్చిందంటే ఊరు ఊరంత ఒక్కపాలి మోటర్లు ఏసేది" అంది.

నా కోపం ఎటు పోయిందో, పడీపడీ నవ్వాను. వంతు అంటే ఏమిటో ఆమెకు మళ్లీ మొదటినుంచి చెప్పాల్సివచ్చింది. చాలా రోజులు కుస్తీ పట్టింది. చివరికి ఒక మధ్యాహ్నం నీళ్లు ఒక్కొక్క పొలానికే పారాయి, చివరి పొలం కూడా తడిసింది. బ్యాచ్ అంతా చప్పట్లు కొట్టారు. ఆమె భర్తకు ఫోన్ కలిపి బల్ల మీద పెట్టింది, ఆ చప్పట్లు ఆయనకు వినబడాలని. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని మిర్చీలకు దిగింది. నా సర్వీసులో నేను తిన్న చివరి ఆచారపు మిర్చి అదే.

తర్వాత బ్యాచ్‌లో ఒక కుర్రాడు వచ్చాడు. నేను లెక్క చెప్పడం పూర్తికాకముందే, ఏఐ చేసి పెట్టిందని ఫోన్ నా చేతిలో పెట్టాడు. వెటకారం కాదు, నేను సంతోషిస్తాననుకున్నాడు. నేను గబగబా కిందిదాకా చదివాను. చివరి పొలం కోసం వెతికాను. మరిచిపోయి ఉంటుంది, మరిచిపోవాలి అని మొక్కుకున్నాను. మరిచిపోలేదు. పైగా పైపొలాల వాళ్లు ఎక్కువ నీళ్లు తీసుకుంటే ఏం చేయాలో కూడా రాసింది, నేను ఏనాడూ ఆలోచించనిది. నాకు భయం వేసింది. చదువు చెప్పడం మొదలుపెట్టాక అలాంటి భయం అదే మొదటిసారి.

అప్పటినుంచి అందరి ప్రోగ్రాంలూ మొదటి రోజే నడుస్తున్నాయి. ఎవరూ ఏడవరు. ఎవరూ చప్పట్లు కొట్టరు. మిర్చీలేవిరా అని ఒకడిని అడిగితే, "నేను చేసింది కాదు కద సార్, నేనెందుకు తేవాలె" అన్నాడు. తప్పు పట్టడానికి ఏముంది? ఫోన్లు గుంజుకున్నాను, తిట్టాను. వాళ్లు కాగితం మీద రాస్తూ నన్ను జాలిగా చూశారు. ఎవరు ఏ ఊరివాళ్లో ఇప్పుడు నాకు తెలియడం లేదు, ఎవరూ తప్పు చేయడం లేదు గనక.

ఒకరోజు చాచా కూడా అడిగాడు. "ఏంది సాబ్, ఈ బ్యాచ్‌ల ఒక్కలది గుడ నడుస్తలేదా?"

"అందరిదీ నడుస్తుంది చాచా."

"మజాక్ చేస్తున్నరా?" అని నవ్వి మూకుడు వైపు తిరిగాడు.

ఊళ్లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. నడిపేది నా పాత విద్యార్థే. ఏటా నా దగ్గర ఇద్దరు ముగ్గురిని తీసుకునేవాడు. కమ్మర్‌పల్లి ఆమెను వెంటబెట్టుకుని వెళ్లాను. కుర్చీ వేశాడు, చాయ్ చెప్పాడు. ఆమె ప్రోగ్రాం చూసి బాగుందన్నాడు. తర్వాత తల దించుకున్నాడు.

"మీకు అబద్ధం చెప్పలేను సార్. ఇంతకుముందు నలుగురు చేసేది ఇప్పుడు ఒక్కడే చేస్తుండు. కొత్తోళ్లకు ఇచ్చే పనంత ఏఐయే చేస్తుంది. ఆ ఒక్కనికి గుడ నిద్ర పడ్తలేదు, ఎప్పుడు పొమ్మంటరో అని."

"కొత్తోళ్లను తీసుకోకపోతే రేపు పాతోళ్లు ఎక్కడినుంచి వస్తర్రా?" అన్నాను.

"రేపటి సంగతి ఎవ్వలు అడుగుతున్నరు సార్" అన్నాడు.

వాడిమీద కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. బస్టాండు దగ్గర ఆమె అడిగింది, "ఇంక ఏం నేర్చుకోవాలె సార్?" ఏవో రెండు మూడు పేర్లు చెప్పాను, ఏఐతో పని చేయించుకోవడం కూడా నేర్చుకోమన్నాను. ఆమె అన్నీ నేర్చుకుంది. ఆమె నేర్చుకునేలోపే అవన్నీ పాతబడిపోయాయి.

ఎండలు ముదిరినప్పుడు ఆమె భర్త ఛుట్టీ మీద వచ్చాడు. ఒక సాయంత్రం ఇద్దరూ మెట్లెక్కి వచ్చారు. బక్కపల్చని మనిషి, చేతిలో నూనె కారుతున్న పొట్లం.

"ఆ దినం చప్పట్లు ఫోన్‌ల విన్న సార్. మిర్చీలు తినుడు నాకు కాలేదు. అందుకే తెచ్చిన" అన్నాడు.

పొట్లం విప్పి బల్ల మీద పెట్టాడు. ఆమె బొమ్మలా నిలబడింది. నేను ఒకటి తీసుకున్నాను. అతను తినకుండా చేతులు కట్టుకుని అడిగాడు.

"వచ్చే ఐతారం టికెట్ ఉన్నది సార్. పొయ్యొద్దని ఈమె అంటున్నది. నేను మీ మాట మీద ఉంట. ఈ పని ఈమెకు దొరుకుతదా, దొరకదా? దొరుకుతదంటే టికెట్ క్యాన్సిల్ చేస్త."

నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. ఆమె నా వైపే చూస్తోంది. మిర్చి తొడిమ ఒకటి గిల్లుతూ నిలబడింది. చేతిలోని మిర్చిని మళ్లీ పొట్లంలో పెట్టేశాను.

"పో తమ్మీ. దొరుకుతదని నేను చెప్పలేను" అన్నాను.

అతను ముందే తెలిసినట్టు తలూపాడు.

"మా దగ్గర గుడ గట్లనే ఉన్నది సార్. గోదాంల లెక్కలు రాసేటోళ్లను తీసేసిండ్రు. అన్నీ మిషినే రాస్తున్నది. మోసేటోళ్లను ఇంక తియ్యలే." ఆమె వైపు ఒకసారి చూసి, "మంచిగ చెప్పిండ్రు సార్" అని దండం పెట్టాడు. అతను పెట్టిన ఆ దండం ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

ఇద్దరూ దిగిపోయారు. నేను పొట్లం వైపు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఆమె ఒక్కతే మళ్లీ పైకి వచ్చింది. గొడుగు మరిచిపోయిందట. మూలనున్న గొడుగు తీసుకుంది, గుమ్మం దగ్గర ఆగింది.

"దొరుకుతదని ఒక్క మాట అంటే ఆగిపోతుండె సార్ ఆయన."

"అబద్ధం చెప్పమంటవా అమ్మా?"

"అబద్ధమని నాకు తెల్వదా సార్? నౌకరి రాదని నాకు ఆ కంపెనీకి పోయిన దినమే ఎర్కయింది. ఆయనకు ఎర్కయ్యేదాక ఒక్క ఏడాదన్న ఇంట్ల ఉంటుండె."

ఆమె మెట్లు దిగింది. ఆ తర్వాత మళ్లీ రాలేదు. ఆమె దిగిన మెట్ల పక్కన రోడ్డు వైపు గోడ మీద, ఊళ్లో అందరికీ కనబడేలా నేను కట్టించిన ఫ్లెక్సీ, ఉద్యోగం ఖాయం అని పెద్ద అక్షరాలతో, ఇంకా అలాగే ఉంది.