సముద్రానికి కొలిచి వేసిన తాడు

నా చావుకు నేనే ఆలస్యంగా పోయినా. ఇట్లాంటి ఘనకార్యం మా కుందుర్పి పక్క ఇంకెవురూ చేసుండరు, చేసుంటే వాళ్ళకో దండం. నవ్వుతారని తెలిసే చెప్తాండా, నవ్వుకోండి. చేతిలో టీ గ్లాసుంటే మాత్రం పక్కన పెట్టుకోండి, ఒలికితే నాకు సంబంధం లేదు.

మాది మోటార్లు, పైపులు అమ్మే అంగడి. వాన మాకు దూరపు చుట్టం మాదిరి. వస్తే వస్తాది, వచ్చినా భోంచేయకుండానే పోతాది. అట్లాంటి ఊరికి భీమిలి సముద్రం ఒడ్డున పుట్టిన పద్మను ఇస్తామన్నారు. పెండ్లిచూపుల్లో వాళ్ళ పెద్దమ్మ, మనిషి చిన్నదే గానీ గొంతు పెద్దది, అబ్బాయికి ఈతైనా వచ్చునా అని అడిగింది. రాదంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. నా నోరు ఊరుకుంటే కదా. చేపలకు నేర్పిందే నేనన్నా. నాకొచ్చిన ఈతంతా, వాన పడిన ఏడాది చెక్‌డ్యాంలో నడుముల్లోతు నీళ్ళలో కాళ్ళు చేతులు కొట్టుకున్నదే.

పద్మ ఆ మాట నమ్మేసింది. నమ్మి ఊరుకోలేదు. నీళ్ళు లేని ఊరికి పిల్లనిస్తారా అని దెప్పిన చుట్టాలందరి దగ్గరా, మా ఆయన నీళ్ళకి భయపడే మనిషి కాదని చెప్పుకొని తిరిగింది. పెండ్లయినాక మొదటిసారి భీమిలి పోతే పెద్దమ్మ పట్టుకుంది, ఏదీ చూపించమని. నేను తేలిపోతే నాకేం, సిగ్గు లేనోణ్ణి. వాళ్ళందరి ముందర తల దించుకోవాల్సింది పద్మ. అది తల్చుకుంటే నాకు అన్నం సయించలేదు.

ఈతకు బదులు సముద్రం అడుక్కే దిగొస్తానన్నా, బామ్మర్ది సురేష్‌కు వృత్తే అది. కయాక్ అని సన్నటి ప్లాస్టిక్ పడవ ఉంటాది. దాంట్లో జనాన్ని తీసుకపోయి, వీపుకు గాలి సిలిండరు కట్టి, సముద్రం అడుగు చూపించుకొస్తాడు. జాగ్రత్త మనిషి. ముందు ఒడ్డు కాడనే నాకు అన్నీ నేర్పినాడు. ఊపిరి బిగబట్టకూడదు, పక్కనుంచి కదలకూడదు, పైకి మెల్లగా రావాల. నేను తలూపుతానే ఉండా. ఆమీద ఒకనాడు పొద్దున్నే, పద్మా పెద్దమ్మా సగం వీధీ ఒడ్డున నిలబడి చూస్తాండగా ఇద్దరం బయలుదేరినాం.

నా తెడ్డు నీళ్ళకంటే సురేష్ నెత్తికే ఎక్కువ తగిలింది. ఏమీ అనలేదు పాపం, అక్క మొగుణ్ణి కదా. కొంచెం దూరం పోయినాక ఆపి, సిలిండర్లను పడవకు కట్టి నీళ్ళలోకి దించుతా నాకొక పని చెప్పినాడు.

"లంగరు మీరు వేయండి బావా, పైపుల షాపు కదా, తాళ్ళ సంగతి మీకు నేను చెప్పాలా. లోతు ముప్పై అడుగులు. తాడు మాత్రం దానికి నాలుగైదింతలు వదలండి."

నాలుగైదింతలు! నాలోని అంగడోడు లేచి కూచున్నాడు. మా పక్క బోరులోకి మోటారు దించితే తాడు లోతుకు సరిగ్గా కొలిచి కొంటారు. మూరెడు ఎక్కువైతే రైతు నన్ను దొంగను చూసినట్ల చూస్తాడు. ముప్పై అడుగుల నీళ్ళకు నూరడుగుల పైన తాడంట! నీళ్ళు దండిగా ఉండేవాళ్ళకు అన్నీ దుబారానే అనుకున్నా. లంగరు అడుగు తగలగానే తాడును బిర్రుగా లాగి ముడేసినా. మిగిలింది అందంగా చుట్టి, నా చొక్కా, చెప్పుల పక్కన తడవకుండా పెట్టినా. తాడు బాగా వదిలారా అని సురేష్ అడిగితే, తాళ్ళ గురించి నన్ను అడుగుతావా అబ్బీ అన్నా. ఇంక ఆ మర్యాదస్తుడు ఏం మాట్లాడతాడు?

లోపలికి దిగినాం. ఏం చెప్పమంటారు! పసుపు చేపలు, చారల చేపలు, అన్నీ నన్ను చూసి పక్కకు తప్పుకొని పోతాండాయి. పైనా నీళ్ళే, కిందా నీళ్ళే. అన్ని నీళ్ళు ఒక్కచోట చూసేసరికి మొగానికి పెట్టుకున్న అద్దంలోపల నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఒక్క చుక్కైనా మా శనక్కాయ చేనుకు పనికిరాదు కదా అని ఇంకా ఏడుపొచ్చింది.

మెల్లగా పైకొచ్చి చూస్తే పడవ లేదు.

"బావా, తాడు ఎంత వదిలారు?"

"ముప్పై అడుగులు."

"లోతెంత?"

"ముప్పై అడుగులు."

సురేష్ కండ్లు మూసుకున్నాడు. బోరు మాదిరి సముద్రం కదలకుండా ఉండదంట. అల పడవను ఎత్తుతాది, బిర్రుగా కట్టిన తాడు లంగరును ఎత్తుతాది. తాడు వాలుగా పండుకుంటేనే లంగరు అడుగున పట్టుకుంటాదంట. ఏరు దాటినాక కదా ఓడ మల్లన్న బోడి మల్లన్న అయ్యేది, నాకు దాటకముందే అయిపోయింది. చేసేదేముంది, సిలిండర్లతో పాటు తొడుక్కున్న తేలే చొక్కాల్లోకి గాలి నింపుకున్నాం. చేపలకు ఈత నేర్పిన నన్ను సురేష్ మెడకాడ పట్టీ పట్టుకొని దూడను లాగినట్ల లాక్కొచ్చినాడు. అలలు పక్కకు తోసి, మమ్మల్ని రాళ్ళ గుట్టకు అవతల ఒడ్డెక్కించినాయి.

గుట్ట చుట్టి వస్తే మనోళ్ళు ఉండే చోట గుంపు, ఏడుపులు. సురేష్ వెనక సిలిండర్లు మోసుకొస్తాండాడు. నేను ముందు పోయి, గుంపు చివర ఉండే ముసలాయన్ను అడిగినా.

"ఎవరు పోయినారు పెద్దాయనా?"

"కుందుర్పి అల్లుడంట బాబూ. కొత్తగా పెళ్ళయింది."

అయ్యో పాపం అన్నా. కుందుర్పి నుంచి నేను కాక ఇంకెవరొచ్చినారబ్బా అని కూడా అనుకున్నా. అప్పుడు కనబడింది, ఇసకలో మా పడవ. గాలికి ఒంటరిగా ఒడ్డుకొచ్చేసింది, లోపల నేను చుట్టిన తాడు చుట్టినట్లే ఉండాది. సురేష్ ఎట్లైనా ఈదుకొస్తాడని అందరి ధైర్యం, ఏడుపంతా నాకే. పెద్దమ్మ రొమ్ము కొట్టుకుంటా, బంగారమంటి అల్లుడు, మాటకు కట్టుబడే మనిషి అంటాంది. బతికుండగా ఒక్క మంచిమాట అనలేదు ఆయమ్మ. ఇంకొంచెం సేపు విందామా అని ఆశ కూడా పుట్టింది, అబద్ధమెందుకు.

అంతలో పద్మ కనబడింది. ఏడవడం లేదు. నా చొక్కా గుండెకు పట్టుకొని సముద్రం దిక్కే చూస్తాంది. ఇంక వినబుద్ధి కాలేదు. పద్మా అని పిలిచినా.

తిరిగి చూసింది. వచ్చి ఆ చొక్కాతోనే ఎడాపెడా నాలుగు బాది, మెడ పట్టుకొని అప్పుడేడ్చింది. నేనూ ఏడ్చినా. పెద్దమ్మ నోరు తెరిచి, పడవ లేకుండా ఎలా వచ్చావు నాయనా అని అడిగింది. సురేష్ నిజం చెప్పబోయినాడు. పద్మ తమ్ముడి దిక్కు ఒక్క చూపు చూసి, ముక్కు తుడుచుకొని తలెత్తింది.

"చెప్పానుగా పెద్దమ్మా. ఆయనకి పడవ ఎందుకు?"

మాట నిలిచింది. నా ఛాతీ ఉబ్బింది. పెద్దమ్మ కండ్లు తుడుచుకొని, అయితే రేపు పొద్దున మా ఇంటికి రా నాయనా, పెరటి బావిలో ఇత్తడి గంగాళం పడిపోయింది, దిగేవాడే దొరకడం లేదు అనింది. నేను నోరు తెరిచేలోపల పద్మ చెప్పేసింది.

"దానిదేముంది, దిగుతారు."

అంగడిలో అర్జెంటు పనుందని సాయంత్రం బస్సుకే ఊరికొచ్చేసినా. గంగాళం ఇంకా బావిలోనే ఉండాది, పెద్దమ్మ వారానికొకసారి ఫోన్ చేస్తానే ఉండాది. అందుకని అంగడిలో ఉండే తాళ్ళన్నిటి మీదా చెయ్యి పెట్టి, మీ అందరి ముందర ప్రమాణం చేస్తాండా: ఇంక మీదట తాడు అడిగినంత వదుల్తా, మాట మాత్రం లోతు కొలుచుకొని వదుల్తా.