మొగిలయ్య చేతికి చిక్కిన గిన్నె

మొగిలయ్య ఇంట్లోకి నిండుగా వెళ్లిన గిన్నె ఖాళీగా బయటికి రాదు. అదొక్కటే ఆయనకున్న జబ్బు. షుగరు లేదు, బీపీ లేదు, ఇది మాత్రం ఉంది. దీనికి మందు లేదు.

బస్సు డ్రైవరుగా ఉన్న రోజుల్లోనే ఇది మొదలైందంటారు. ఒకసారి మేడారం జాతరలో జనాన్ని దింపి ఖాళీ బస్సు వెనక్కి తేవాల్సి వస్తే ఆయనకు స్టీరింగు మీద చెయ్యాడలేదట. దారిలో నడిచిపోతున్న ఇద్దరు ముసలమ్మలను, వాళ్ల మేకలను ఎక్కించుకుని వచ్చాడు. మేకకు ఫుల్ టికెట్టా, హాఫ్ టికెట్టా అని కండక్టరు వరంగల్ దాకా తల పట్టుకున్నాడు.

రిటైరయ్యాక జబ్బు ముదిరింది. ఎదురింటి సారంగపాణి దగ్గర హెల్మెట్ అడిగి తీసుకెళ్లి, నిండా జామకాయలు పోసి తిరిగిచ్చాడు. గొడుగు తీసుకెళ్లి మడతల్లో మునక్కాయలు దోపి ఇచ్చాడు. నడివానలో గొడుగు తెరిచిన సారంగపాణి నెత్తిన కాయలు రాలాయి. ఇక ఖాళీ గ్యాసు సిలిండరు ఇవ్వాలంటే మొగిలయ్యకు ముఖం చెల్లదు. దాని మెడకు మురుకుల సంచి తగిలించి మరీ పంపుతాడు. వాళ్లుండే కాశిబుగ్గ మొత్తంలో గ్యాసు తెచ్చేవాళ్లు పోటీపడి వచ్చే ఇల్లు అదొక్కటే.

క్రిస్మస్ వెళ్లిందంటే మాత్రం ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాదు. ఆ గల్లీలో సగం ఇళ్లు క్రైస్తవులవి. పండుగ నాడు అన్ని ఇళ్ల నుంచీ ఆయనకు బిర్యానీ, కోడికూర, కేకు వస్తాయి. మరుసటి రోజు పొద్దున్నే భార్య లక్ష్మీనర్సమ్మను వాకిట్లో కూర్చోబెట్టి, నడుముకు తువ్వాల చుట్టి, తనే వంటింట్లోకి దిగుతాడు. మసాలా తిని అలసిపోయిన గల్లీ కడుపుల కోసం పప్పుచారు, పచ్చిపులుసు, మెంతికూర పప్పు వండుతాడు. అయితే ఏది ఎందులో పోయాలో తెలియాలంటే ముందు గిన్నె మొఖం చూడాలట.

"ఇగో, ఈ గిన్నెను చూడు, మూతి ముడుసుకున్నది. దీనికి మెంతికూర పప్పే," అంటాడు. వెడల్పు గిన్నె చేతికొస్తే, "ఇది నవ్వుతాంది. పచ్చిపులుసు." మూలింటి వాళ్ల టిఫిన్ క్యారియర్ చూసి మాత్రం ప్రతి ఏడూ నిట్టూరుస్తాడు. "మూడు డబ్బలు, మూడు మొఖాలు. ఒక్కదానికొక్కటి పడది. అచ్చం ఆళ్లింట్ల మనుషుల లెక్కనే."

పక్కింటి కోడలు కావ్యకు ఇదంతా తెలియదు. ఆమెకు ఈ గల్లీలో ఇదే మొదటి క్రిస్మస్. భర్త రమాకాంత్ కాజీపేటలో గూడ్సు రైలు డ్రైవరు. పండుగ నాడు బిర్యానీ ముందు కూర్చున్నాడో లేదో, డ్యూటీకి రమ్మని ఫోనొచ్చింది. మళ్లీ ఇల్లు చేరేది ముప్పై ఒకటికే. చుట్టాల హడావిడిలో చేతికి ఒక్క గిన్నె కూడా దొరక్క, కావ్య వంటింటి సజ్జ మీదున్న పెద్ద స్టీలు గిన్నె దించి, బిర్యానీ నింపి మొగిలయ్యకు పంపేసింది. పంపాక గుర్తొచ్చింది, దాని మీద చెక్కిన అత్త పేరు.

ఆమె అత్త సువార్తమ్మ ఏళ్ల తరబడి చర్చిలో పాటలు పాడించినందుకు స్త్రీల సమాజం వాళ్లు ఇచ్చిన బహుమతి అది. సువార్తమ్మ దాంట్లో మంచినీళ్లు కూడా పోయదు. దాన్ని తుడవడానికి వేరే బట్ట ఉంది. ఆ బట్టను ఉతకడానికి వేరే సబ్బుందో లేదో కావ్య ఇంకా కనుక్కోలేదు.

పండుగ మరునాడు సువార్తమ్మ కూతురి వెంట ఖమ్మం బయల్దేరింది. "ముప్పై ఒకటి పొద్దుగాల వస్త. ఇల్లు పైలం, గిన్నెలు పైలం," అని ఆటో ఎక్కింది. కావ్య వంటింట్లోకి పోయి సజ్జ మీది ఖాళీ చోటు చూసింది. అత్త తిరిగి వచ్చేలోగా ఆ గిన్నె సజ్జ ఎక్కాలి. లేకపోతే కొత్త సంవత్సరం ఎట్లా మొదలవుతుందో ఊహించుకోవడానికే భయంగా ఉంది.

చుట్టాలు వెళ్లిపోయారు. నిన్నటిదాకా కాలు పెట్టే చోటు లేని ఇంట్లో ఇప్పుడు గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. ఒక్కదాని కోసం పొయ్యి ఏం వెలిగిస్తాంలే అని కావ్య మధ్యాహ్నం ఒక కేకు ముక్క తింది. సాయంత్రం ఇంకో కేకు ముక్క తిని, పక్కింటికి వెళ్లింది.

"బాపూ, మా గిన్నె..."

"వచ్చినవా బిడ్డా! కూసో. నీ గిన్నె ఫికరే పట్టుకున్నది నాకు. పొద్దటి సంది చూస్తాన, దాని మొఖం అంతుపడ్తలేదు."

"ఖాళీదే ఇయ్యిండ్రి బాపూ, ఏం కాదు."

వంటింట్లో మొగిలయ్య చేతిలోంచి గరిటె జారి పడింది. వాకిట్లోంచి లక్ష్మీనర్సమ్మ కేకేసింది. "అయ్యో, ఆ మాటనకు బిడ్డా! మొన్న గట్లనే ఎవలో అంటే మంచం పట్టిండు!"

మొగిలయ్య తేరుకుని, "జర ఈ పచ్చిపులుసు రుచి చూసి చెప్పు, నీ గిన్నెకు సరిపోతదా," అన్నాడు. రుచి అంటే అరచేతిలో చుక్క కాదు. పళ్లెం నిండా వేడన్నం, దాని మీద కాల్చిన పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ నలిపి కలిపిన పులుసు, పక్కన అప్పడం. కేకు తీపికి మొద్దుబారిన కావ్య నాలుక లేచి కూర్చుంది. పళ్లెం ఎప్పుడు ఖాళీ అయిందో ఆమెకే తెలియలేదు.

"మస్తు సరిపోతది బాపూ!"

"ఊఁహూఁ. పలుచగుంటది. అంత గౌరవమున్న గిన్నెల గింత పలుచటిది పోస్తే మీ అత్త పేరు మునుగుతది. రేపు పొద్దుగాల రా."

పొద్దున వెళ్తే గిన్నెకద్ది కాల్చిన సర్వపిండి. "గుండ్రటి దాంట్ల గుండ్రటిది పెడ్తే దిష్టి తగుల్తది," అని తనే కొట్టేశాడు. మధ్యాహ్నం ముద్దపప్పు, నెయ్యి, మామిడికాయ తొక్కు. "పప్పు నిద్ర తెస్తది. గిన్నె మూల్గుతది." రాత్రికి చల్లచారు. "పసుపంటి అక్షరాలు పచ్చబడ్తయ్." ప్రతిసారీ కావ్య పళ్లెం ఊడ్చి మరీ సరిపోతుందని ఒట్టేసింది. ప్రతిసారీ మొగిలయ్య తల అడ్డంగా ఊపాడు. ఇదేం మనిషిరా బాబూ అని ఆమె విసుక్కునేది. పూటైతే కాళ్లు మళ్లీ అటే నడిచేవి.

ఇది చాలదన్నట్టు ఖమ్మం నుంచి ఫోను.

"ఇల్లు సర్దినవా?"

"సర్దిన అత్తమ్మా."

"సజ్జ మీద దుమ్ము దులిపినవా?"

"దు... దులుపుతాన."

"తిన్నవా?"

"తిన్న. ముద్దపప్పు, చల్లచారు, సర్వపిండి..."

"ఒక్కదానివే గన్ని చేసుకున్నవా?"

"అలో... అలో... సిగ్నలు పోతాంది అత్తమ్మా!"

ముప్పయ్యో తారీకు వచ్చింది. ఇక లాభం లేదని కావ్య తెగించింది. మొగిలయ్య స్నానానికి వెళ్లే వేళ చూసి వంటింట్లోకి దూరింది. గిన్నె తళతళా కడిగి బోర్లించి ఉంది. అదొక్కటే మిగిలింది. మిగతా గిన్నెలన్నీ ఎప్పుడో నిండుగా వెళ్లిపోయాయి. దాన్ని చంకన పెట్టుకుని ఒక్క ఉరుకు ఉరికింది.

స్నానాల గది తలుపు ధడాలున తెరుచుకుంది. ఒంటి నిండా సబ్బు నురుగుతో, నడుముకు తువ్వాలతో మొగిలయ్య గేటు దాకా వచ్చాడు.

"ఖాళీ గిన్నె పోతాంది! ఎల్లస్వామీ, ఆటో అడ్డం పెట్టు!"

గల్లీ చివర ఆటో డ్రైవరు ఎల్లస్వామి నిజంగానే బండి అడ్డం పెట్టాడు. తలుపులన్నీ తెరుచుకున్నాయి.

"ఎవ్వలింట్ల దొంగలు పడ్డరే?" అని సారంగపాణి పరుగెత్తుకొచ్చాడు.

"దొంగలు గాదు. ఆ పిల్ల గిన్నెనే ఆ పిల్ల ఎత్కపోతాంది," అంది లక్ష్మీనర్సమ్మ, చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తకుండానే.

నడి గల్లీలో కావ్యకు ఏడుపొచ్చింది. "రేపు అత్తమ్మ వస్తది బాపూ! గిన్నె కనవడకపోతే నా పని అయిపోతది! మీకు నవ్వులాట, నాకు పానం మీదికొచ్చింది!"

మొగిలయ్య నురుగు తుడుచుకుని, గిన్నె మెల్లగా ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. "రేపటి దాక ఆగు బిడ్డా. ఏడ్వకు. ఏడ్సుకుంట తింటే టమాట పప్పు రుచి తెల్వది. పా లోపటికి."

మర్నాడు పొద్దున కావ్య గడప మీద నిలబడింది. ఆటో వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. అత్త మాత్రం ఇంట్లోకి రాలేదు. పక్కింట్లోంచి ఆమె గొంతు వినిపించింది. అయిపోయింది, కొట్లాట మొదలైంది అనుకుని కావ్య పరుగెత్తింది.

సువార్తమ్మ మొగిలయ్య ఇంట్లో చాప మీద బాసింపట్టు వేసుకుని, వేడన్నంలో పప్పుచారు పోసుకుని జుర్రుతోంది. పక్కన విప్పని సంచి. "అన్నా, ఖమ్మంల పొద్దుమాపు మసాలనే. నాలుక సచ్చిపోయింది," అంటోంది. కోడల్ని చూసి, "రా, కూసో," అంది.

"అత్తమ్మా... ఆ గిన్నె... తెల్వక నేనే..."

"పండుగ నాడే చూసిన. సజ్జ మీద అంత జాగ బోసిగుంటే కనవడదా నాకు?"

"మరి అప్పుడే ఎందుకు తిట్టలే?"

"తిడుదామనే వంటింట్లకొచ్చిన. నువ్వేమొ పొద్దంత అందరికి వడ్డించి వడ్డించి, ఆఖరుకు మూలకు నిలవడి కేకు ముక్క నములుతానవ్. నేను ఊరికి పోతే ఈ పిల్ల గా కేకు మీదనే బతుకుతదని సమజైంది. మొగిలన్న ఇంట్ల తినమంటే తింటవా? తిన్న, తిన్న అంటవ్. అందుకే అన్నకు చెప్పి పోయిన, నేనొచ్చేదాక గిన్నె ఇయ్యకుమని."

కావ్య మొగిలయ్య వైపు తిరిగింది. ఆయన ఖాళీ కడాయిలో గరిటెతో తెగ కలుపుతున్నాడు.

"నీ గిన్నె ఒక్కటేనా బిడ్డా?" అంది లక్ష్మీనర్సమ్మ. "మూలమీది భవాని, కొడుకును దవాఖానల ఉంచుకోని తిరిగినప్పుడు, ఆమె కుక్కరు నెల రోజులు ఈన్నే ఉన్నది. ఎవలింట్ల పొయ్యి వెలుగుతలేదో, ఆళ్లింటి గిన్నె మొఖమే ఈయనకు అంతుపట్టది."

"గట్లేం లేదు!" మొగిలయ్యకు కోపమొచ్చింది. "కుక్కరుకు అసలు మొఖమే ఉండది. సీటీ ఉంటది."

కావ్యకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే చెయ్యి చాచింది. "ఇగ గిన్నె ఇయ్యి బాపూ. ఈ పూట వంట నాది. ఆయన గూడ డ్యూటీ దిగి వస్తాండు. మీరిద్దరు మా ఇంటికే రావాలె."

మొగిలయ్య ఇరకాటంలో పడ్డాడు. వంట ఆమెదైతే మరి గిన్నెలో ఏం పోయాలి? కాసేపు అటూ ఇటూ తిరిగి, చింతపండు, నాలుగు ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు రెబ్బలు వేసి మూత పెట్టాడు.

"నా బహుమతి గిన్నెల చింతపండా!" సువార్తమ్మ నెత్తి కొట్టుకుంది.

మధ్యాహ్నం అందరూ కావ్య ఇంట్లో కూర్చున్నారు. పచ్చిపులుసులో ఉప్పు దండిగా పడింది. మొదటి ముద్దకే అందరికీ తెలిసింది, ఎవరూ తలెత్తలేదు. సువార్తమ్మ మంచినీళ్ల చెంబు దగ్గరికి లాక్కుంది. కావ్య చీర కొంగు నలుపుతోంది.

"ఉప్పు ఎక్కువైంది బిడ్డా," అన్నాడు మొగిలయ్య మొఖం మీదే. కావ్య ముఖం మాడింది. ఆయన పళ్లెం ముందుకు జరిపాడు. "ఇంకింత అన్నం ఏస్కుంటే సరిపోతది. పెట్టు."

పెట్టింది. సరిపోలేదు. ఇంకా పెట్టింది. సువార్తమ్మ కూడా పళ్లెం జరిపింది, ఆ వెనకే లక్ష్మీనర్సమ్మ. డ్యూటీ దిగి రమాకాంత్ గుమ్మంలో అడుగుపెట్టేసరికి కుండలో అన్నం అయిపోయింది. కావ్య బియ్యం కడిగి మళ్లీ పొయ్యి వెలిగించింది.