రెండో పాయింటు

ఆ ఉదయం చేలో ఉన్నవి: రెసిస్టివిటీ మీటరు ఒకటి, స్టీలు ఊచలు నాలుగు, సుత్తులు రెండు, కేబుల్ చుట్టలు నాలుగు, వంద మీటర్ల టేపు, ఉప్పునీళ్ళ బిందె, నా ఫీల్డ్ బుక్కు. ఉన్నవారు: హెల్పరు సుబ్బారావు, రైతు కోటయ్య, ఆయన భార్య మంగమ్మ, నేను. 1999 నవంబరు. కనిగిరికి పడమరగా ఒక మెట్ట పల్లె.

అప్పట్లో నేను నీటి సర్వే విభాగంలో టెక్నికల్ అసిస్టెంటును. నా పైన జియాలజిస్టు గారు ఉండేవారు. ఆయన కింద మూడు మండలాలు ఉండడంతో పొలానికి వెళ్ళి బోరు పాయింటు పెట్టేది నేను, నా కాగితం చూసి సంతకం పెట్టేది ఆయన. కరువు పథకంలో రైతుకు ఒకే బోరు, లోతు మూడు వందల అడుగులు. రిగ్గు లారీ ఊళ్ళో రెండు రోజులే ఉంటుంది. మూడో రోజు పక్క ఊరికి పోతుంది.

కోటయ్యకు రెండెకరాల మిరప. పూత మీద ఉంది, అక్కడక్కడా పిందె పడుతోంది. బావి అడుగున బురద తప్ప ఏమీ లేదు. తడి పెట్టకపోతే పైరు పది రోజులు ఆగుతుందని ఆయన చెప్పాడు. ఆయనకు అదొక్కటే పొలం.

పాయింటు పెట్టే పద్ధతి క్లుప్తంగా చెబుతాను. నాలుగు ఊచలు ఒకే వరసలో భూమిలోకి దిగ్గొడతాం. చివరి రెండింటి గుండా కరెంటు పంపి, మధ్య రెండింటి దగ్గర కొలుస్తాం. చివరి ఊచలు దూరం జరిపేకొద్దీ మరింత లోతు సంగతి తెలుస్తుంది. అంకె ఓమ్ మీటర్లలో వస్తుంది. ఆ రాతి నేలలో వందల్లో వస్తే కింద పొడి రాయి. వంద లోపు వస్తే చివికిన రాయో, పగులో ఉండి, నీరు ఉండవచ్చు. ఉండవచ్చు అంతే. బంకమన్ను కూడా కరెంటును బాగానే పోనిస్తుంది, మీటరుకు ఆ తేడా తెలియదు. అందుకే ప్రతి పాయింటునూ రెండు దిశల్లో కొలవాలి. రెండు అంకెలకూ పొంతన లేకపోతే మూడో దిశలో కొలవాలి. ఇది నియమం.

ఆ రోజు చేనంతా తిరిగి రెండు చోట్లు ఎంచాను. ఒకటో పాయింటు ఆగ్నేయ మూల. రెండు దిశల్లోనూ ఎనభైకి అటూ ఇటూ వచ్చింది. రెండో పాయింటు బండ్ల బాట పక్కన. ఒక దిశలో కొలిచాను, 410. ఇక రెండో దిశ అక్కర్లేదనుకుని, ఒకటో పాయింటు దగ్గర రాయి పాతించి, మీకిదే మంచిది అన్నాను.

కోటయ్య ముఖంలో సంతోషం కనిపించలేదు. కారణం సుబ్బారావు చెప్పాడు. ఆ మూలకు రిగ్గు లారీ చేరాలంటే ఒక పక్క వాగు, సొంత చేను వైపు పాత బావి అడ్డం. ఉన్న ఒక్క దారీ కోటయ్య అన్న నరసయ్య కంది చేలోంచి. గట్టు తగాదా మీద అన్నదమ్ములకు నాలుగేళ్ళుగా మాటల్లేవు.

అన్నను అడగమని చెప్పాను. ఒక్క పూట పని, నాలుగు సాళ్ళ కంది నలుగుతుంది, అంతే కదా అన్నాను.

"రాళ్ళు కొట్టమనండి సార్, కొడతాను. ఆ గడప తొక్కమనొద్దు" అన్నాడు కోటయ్య. "రేపు పొద్దున్నే ఆంజనేయస్వామి దగ్గర పూలు పెట్టి అడుగుతాను. ఆయన ఏది చెబితే అది."

పూలు పెట్టడమంటే, ఒక ఆకులో తెల్ల పువ్వు, ఇంకో ఆకులో ఎర్ర పువ్వు చుట్టి విగ్రహం ముందు పెడతారు. దేనికి ఏ పువ్వో ముందే మనసులో అనుకుంటారు. ఇంట్లోవాళ్ళు ఒకరు కళ్ళు మూసుకుని ఒక పొట్లం తీస్తారు. తెల్లది ఒకటో పాయింటు, ఎర్రది రెండోది అనుకున్నారు.

దారిలో సుబ్బారావు నవ్వాడు. "పోన్లెండి సార్, మన మీటరుకి కూడా రెండు పూలు పెడితే సరి. అంకె కూడా ఒక మెట్టు దిగుద్దేమో." నేనూ నవ్వాను. ఎమ్మెస్సీ చదివినవాణ్ణి, నా దగ్గర అంకె ఉంది.

మర్నాడు మేం వెళ్ళేసరికి కోటయ్య బొట్టు పెట్టుకుని బాట పక్కనే నిలబడి ఉన్నాడు. స్వామి ఎర్ర పువ్వు ఇచ్చాడని, రెండో పాయింటును ఇంకొకసారి చూడమని అడిగాడు. సాయంత్రానికి రిగ్గు వెళ్ళిపోతుంది. ఒకటో పాయింటుకు దారి లేదు. ఏదో ఒకటి తేల్చకపోతే ఆ రైతుకు అసలు బోరే లేదు. ఊచలు పీకించి, వరస తిప్పి, మళ్ళీ కొట్టించాను. తిప్పిన వరస కింద పాత కాలవ పూడిన నేల ఉంది. బంకమన్ను. అది నాకు కనబడుతూనే ఉంది. అంకె 95 వచ్చింది. మూడో దిశలో కొలవలేదు. 410 మీద గీత కొట్టి, 95 రాసి, రైతు సమ్మతి గడిలో కోటయ్య చేత సంతకం పెట్టించాను.

మధ్యాహ్నం రిగ్గు మొదలైంది. నలభై అడుగుల తర్వాత అంతా రాయి. గొట్టంలోంచి తెల్లటి పొడి లేచి మిరప ఆకుల మీద పడుతూనే ఉంది. తడి తగిలితే ఆ పొడి ముద్దగా వస్తుంది. రాలేదు. మూడు వందల అడుగుల దగ్గర ఆపరేటరు కంప్రెసరు కట్టేశాడు.

ఆ నిశ్శబ్దంలో మంగమ్మ మాట్లాడింది. రెండు రోజుల్లో ఆమె గొంతు వినడం అదే మొదటిసారి.

"పొట్లం తీసింది నేనే సార్. మూడుమాట్లు తీయించాడు. రెండుమాట్లూ తెల్లదే వచ్చింది. మూడోసారి ఎర్రది రాగానే లేచి దణ్ణం పెట్టాడు."

"దేవుడు మన మనసు చూసి మాట మార్చుకున్నాడనుకున్నానే" అన్నాడు కోటయ్య.

"ఆయన మాట మార్చలా. నీకు వినబళ్ళా."

కోటయ్య నా వైపు తిరిగాడు. "మరి సార్ మిషను కూడా రెండోదే అన్నది గదా. అన్నదా లేదా సార్?"

అన్నది అని చెప్పాను.

పైరు పది రోజులు ఆగలేదు. ఎనిమిదో రోజు నేను ఆ దారిన జీపులో పోతుంటే ఆకు ముడుచుకుని, పిందె రాలి ఉంది. మరుసటి వేసవికి వాళ్ళు ఇల్లు తాళం వేసి చీమకుర్తి క్వారీలకు వెళ్ళారని సుబ్బారావు చెప్పాడు. రాళ్ళు కొడతానన్న మాట అలా నిజమైంది.

ఐదేళ్ళ తర్వాత చీమకుర్తిలో పని మీద ఉండగా క్వారీ బయట టీ బంకు దగ్గర కోటయ్య కనిపించాడు. జుట్టంతా రాతి పొడి. నన్ను గుర్తుపట్టి, టీ చెప్పాడు. నేను 410 సంగతి చెప్పాను, వరస ఎందుకు తిప్పానో కూడా. ఆయన టీ తాగడం ఆపలేదు.

"అప్పుడే చెప్పాల్సింది గదా సార్" అన్నాడు.

చెబితే అన్నను అడిగేవాడివా అన్నాను.

"అడిగేవాణ్ణి కాదు సార్. మీతో ఇంకో చోట కొలిపించేవాణ్ణి." గ్లాసు కింద పెట్టాడు. "దేవుడంటే ఏంది సార్. అడగాల్సినోణ్ణి అడగలేక అడుగుతాం. ఆయన పలకడు గదా, అదే మనకి వీలు."

మరి అన్న సంగతేమిటని అడిగాను. నరసయ్య రెండేళ్ళ క్రితం పోయాడట. కబురు ఆలస్యంగా అందిందట. మధ్యాహ్నం షిఫ్టు కూత వినబడి లేచి వెళ్ళాడు.

దేవుడున్నాడా, మనిషి చేతిలో ఏమైనా ఉందా అని వాదించేవాళ్ళను సర్వీసులో చాలామందిని చూశాను. నాకు తెలిసింది తక్కువ. కోటయ్యకు పువ్వు, నాకు మీటరు. ఇద్దరమూ కావలసిన జవాబు వచ్చేదాకా అడిగి, వచ్చాక దాని వెనక నిలబడ్డాం. ఎంచుకున్నది మేమే, ఎంచుకున్నామని ఒప్పుకోనిదీ మేమే. ఇప్పుడు వెనక్కి వెళ్ళినా ఇద్దరిలో ఒక్కరమైనా వేరేగా చేసేవాళ్ళమని నేను అనుకోవడం లేదు. తర్వాత నా కింద పనిచేసినవాళ్ళకు, కొట్టేసిన అంకె పక్కన కారణం రాయాలని చెప్పేవాణ్ణి. రాసేవారు. కారణాలు ఎప్పుడూ బాగానే ఉండేవి.

ఆ ఫీల్డ్ బుక్కు ఇంకా నా దగ్గర ఉంది. మొదటి రోజు ఒకటో పాయింటు పక్కన నేనే టేపు పట్టి రాసుకున్న కొలత ఒకటి ఉంది. నరసయ్య చేలో రిగ్గు లారీ దాటవలసిన దూరం: ఇరవై రెండు మీటర్లు.