నేను చెయ్యని వాకబు

మా వీధి చివర కిరాణా కొట్టాయన నా సంచీలో సరుకులు సర్దుతూ గొంతు తగ్గించాడు. "మేడమ్, పొద్దుగాల ఎవరో ఒకామె వచ్చింది. మీ ఇంటి గురించి అడిగింది. అమ్మాయి ఎట్లుంటది, మీరెట్ల మాట్లాడ్తరు, గిట్లనే."

"మీరేం చెప్పారు?"

"నాకెందుకు మేడమ్ గీ పరేషాన్! మంచోళ్ళే అన్న. మేడమ్‌కి జెర నోరు పెద్దది అన్న. గంతే."

గంతేనట! నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడే నాలుగు దులిపేద్దామనుకుని, ఆయన మాట నేనే నిజం చేసినట్టవుతుందని నోరు మూసుకుని ఇంటికి బయల్దేరాను.

విషయమేమిటంటే, మా అమ్మాయికి సికింద్రాబాద్‌లో కార్ఖానా అనే పేట నుంచి సంబంధం వచ్చింది. వచ్చింది అనడం నా మర్యాద కోసం. తనే తెచ్చుకుంది. ఇద్దరిదీ ఒకే ఆఫీసు. అంతకుముందు నేను తెచ్చిన నాలుగు సంబంధాలకీ పెదవి విరిచిన పిల్ల, ఇప్పుడు ఫోన్ మోగితే చాలు, చేతిలో గరిటె అక్కడే వదిలేసి పరుగెడుతోంది. ఇక అబ్బాయి తల్లి ఒక్కతే ఊఁ అనాలి. ఆవిడే ఎవరినో పంపి ఉంటుంది.

చిలకలగూడలో ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్నాను. ఆ రోజు ఇంటికి నడుస్తుంటే ప్రతి ముఖమూ అనుమానంగానే కనిపించింది. ఇస్త్రీ బండి ఆయన నన్ను చూసి ఎందుకు తల దించుకున్నాడు? కింది వాటా ఆవిడ అంత తియ్యగా ఎందుకు నవ్వింది? ఎవరు ఎవరికి ఏం చెప్పారో! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఎందుకయిందంటే, ఈ వాకబు విద్య నాదే.

మాది గుంటూరు వైపు. కోస్తాలో మా బంధువులకి ఎవరికి ఈ జంటనగరాల సంబంధం వచ్చినా ముందు నాకే ఫోన్ చేసేవారు. కిరాణా కొట్టులో ఏం అడగాలో, వాచ్‌మన్‌ని ఎలా కదపాలో, గుడి (మేం చర్చిని గుడనే అంటాం) బయట ఏ ఆడవాళ్ళ పక్కన చేరాలో నాకు కొట్టిన పిండి. "నువ్వు పోలీసు శాఖలో ఉండాల్సినదానివే" అని మా ఆయన ఎగతాళి చేస్తే, అదేదో బిరుదైనట్టు పొంగిపోయేదాన్ని.

పన్నెండేళ్ళ కిందట మా ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, మా అమ్మాయికి సికింద్రాబాద్ సంబంధం. నువ్వు చూసి సరే అంటేనే ముందుకెళ్తాం."

సరే, కుర్రాడు ఏ గుడికి వెళ్తాడో కనుక్కుని, మా గుడి మానేసి ఆ ఆదివారం అక్కడికే వెళ్ళాను. అతని తండ్రి సంఘపెద్ద, మొదటి వరసలో కూర్చున్నాడు. కుర్రాడు చివరి వరసలో ఉన్నాడు. రెండో పాట అయింది, ప్రసంగం మొదలైంది, అంతే! పిల్లిలా లేచి బయటికి జారుకున్నాడు. మళ్ళీ ఆశీర్వాదం వేళకి వచ్చి, ఏమీ ఎరగనట్టు చేతులు జోడించి నిలబడ్డాడు. నన్నా మోసం చేసేది?

మరుసటి ఆదివారం ముందే ఆటో మాట్లాడి ఉంచాను. అతని బండి వెనకే బన్సీలాల్‌పేట్ దాకా వెళ్ళాను. ఇప్పుడు బాగుచేశారు గానీ, అక్కడి మెట్లబావి అప్పట్లో చెత్తకుప్ప. దాని వెనక సందులో ఒక ఇంటి ముందు అతను ఆగాడు. చేతిలో అరటిపళ్ళు, బిస్కెట్ పొట్లాలు ఉన్నాయి. ఒక ఆడమనిషి తలుపు తీసింది. ఒక చిన్నపిల్ల పరుగెత్తుకొచ్చి అతని మెడకి వేళ్ళాడింది, ఏదో పిలుస్తూ. ఏమని పిలుస్తోందో నాకు వినపడలేదు. సందు మొదట్లో కరెంటు స్తంభం చాటున ఉన్నాను మరి. నాలుగడుగులు ముందుకు వేసి ఉంటే వినపడేది.

వెయ్యలేదు. వేయాల్సిన అవసరమే కనబడలేదు నాకు. ఇంటికొచ్చి ఆడపడుచుకి ఫోన్ చేసి, "వద్దమ్మా, వాడికి ఇంకో సంసారం ఉంది, నా కళ్ళతో చూశాను" అన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. మధ్యవర్తికి కూడా ఫోన్ చేసి కడిగేశాను. ఆ మాట మూడు రోజుల్లో తిరిగి తిరిగి కుర్రాడి తండ్రి చెవిన పడింది.

ఆవిడ అతని సొంత అక్క.

వేరే మతం అతన్ని పెళ్ళి చేసుకుందని తండ్రి గెంటేశాడు. ఆ గుమ్మం తొక్కినవాడు నా కొడుకు కాడన్నాడు. తండ్రి వెనక్కి తిరిగి చూడని సమయం వారం మొత్తంలో ఒక్కటే, ప్రసంగం వేళ. ఆ కాసేపట్లో అక్కని, మేనకోడల్ని చూసొచ్చేవాడు. నా ఫోన్ తరవాత తండ్రి కొడుకుని తీసుకెళ్ళి మొదటి వరసలో తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడట. ఇదంతా మధ్యవర్తే చెప్పాడు. "నేను చూసింది చెప్పాను, నాదేం తప్పు?" అని నెల రోజులు అందరితో వాదించాను. ఆ తరవాత వాదించడం మానేశాను. వాకబులూ మానేశాను. బుద్ధొచ్చిందని చెంపలేసుకున్నాను, అక్కడికి అయిపోయిందనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం అబ్బాయి తల్లి, ఆ కార్ఖానా ఆవిడ, మా ఇంటికి వచ్చింది. రిటైరైన టీచరు. పరీక్ష హాల్లో తిరిగినట్టు మా హాలంతా ఒకసారి చూసి, కూర్చుని, సూటిగా నన్నే అడిగింది.

"మీ గురించి ఒక మాట విన్నానండీ. మీ మాట వల్ల ఒక సంబంధం చెడిందని, ఆ ఇల్లు రెండయిందని. ఎవరన్నారని అడక్కండి. నిజమేనా?"

అబద్ధం నాలిక చివరే సిద్ధంగా ఉంది. గిట్టనివాళ్ళు వంద అంటారండీ అనేస్తే సరిపోయేది. కానీ వంటింటి గుమ్మంలో మా అమ్మాయి టీ కప్పుల ట్రే పట్టుకుని నిలబడి ఉంది. దాని ముఖం పాలిపోయింది. ఈ కథ దానికి తెలుసు. పెళ్ళి పోతే పోయింది, దాని ముందు మాత్రం అబద్ధమాడలేకపోయాను.

"నిజమే" అన్నాను. స్తంభం చాటు దగ్గర్నుంచి మధ్యవర్తికి చేసిన ఫోన్ దాకా అంతా చెప్పేశాను.

ఆవిడ టీ ముట్టుకోకుండా విన్నది. "ఇప్పుడా అక్కా తమ్ముళ్ళు కలుసుకుంటున్నారా?"

"తెలీదండీ."

"ఊళ్ళో అందరి సంగతులూ వాకబు చేశారు. పన్నెండేళ్ళలో ఈ ఒక్కటీ చెయ్యలేదా?"

మావాళ్ళతో మాట్లాడి చెప్తానని ఆవిడ వెళ్ళిపోయింది. నా కూతురు చల్లారిన టీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

మర్నాడు ఆదివారం. గుడికని చీర కట్టుకుని, ఆటోని బన్సీలాల్‌పేట్‌కి పొమ్మన్నాను. కార్ఖానా నుంచి జవాబు రాకముందే వెళ్ళాలనిపించింది. మా అమ్మాయి తనూ వస్తానంది. సగం దారిలో దాని ఫోన్ మోగింది. విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. "ఒప్పుకున్నారమ్మా! తన మీద తనే అంత చెప్పుకున్న మనిషి గురించి ఇంక ఎవర్ని అడుగుతాం అన్నారట."

దాన్ని దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకున్నాను. అబద్ధమెందుకు, ఇంక అక్కడికి వెళ్ళడమెందుకు, ఆటో తిప్పమందామా అనిపించింది. నోటిదాకా వచ్చిన మాటని మింగేశాను.

మెట్లబావి వెనక ఆ ఇంటి తలుపు ఆ అక్కే తీసింది. జుట్టు సగం నెరిసింది. పైనుంచి కిందికి నన్ను చూసింది. "ఎవరు మీరు? ఏం కావాలె?"

గుమ్మం బయటే నిలబడి చెప్పాను. ఆ రోజు ఫోన్ చేసింది నేనేనని చెప్పేసరికి నాకు ఏడుపాగలేదు. "తప్పయిపోయింది తల్లీ, క్షమించు" అన్నాను. ఆవిడ తలుపు వెయ్యలేదు, లోపలికి రమ్మనీ అనలేదు.

"మా నాయిన పోయి మూడేండ్లాయె మేడమ్" అంది చివరికి. "ఇప్పుడు వద్దనేటోళ్ళు ఎవ్వరు లేరు. అయినా తమ్ముడు వస్తలేడు. పండగకి ఫోన్ చేస్తడు, బాగున్నవా అక్కా అంటడు, పెట్టేస్తడు. వచ్చుడు అలవాటు తప్పింది."