గాజు గొట్టానికి గంధం బొట్టు

ఈ రోజు మా బావగారి రొయ్యల చెరువు నీళ్లు పట్టుకుని పటమటలో ఒక ల్యాబుకు వెళ్లాను. నీళ్లలో మందు కలిపితే అమ్మోనియా ఉన్నకొద్దీ రంగు ముదురుతుంది. ఆ రంగును దాటి కాంతి ఎంత వచ్చిందో చూసి స్పెక్ట్రోఫోటోమీటర్ అనే మిషన్ లెక్క చెబుతుంది; కాంతి ఎంత తగ్గితే అమ్మోనియా అంత ఎక్కువన్నమాట.

"అమ్మోనియా విపరీతంగా ఉందండీ. రేపే రొయ్యలు పట్టేయండి," అన్నాడు ల్యాబు ఓనరు.

ఇంకా వేలెడైనా ఎదగని రొయ్యలు! అనుమానమొచ్చి మిషన్‌లోకి తొంగిచూశాను. నీళ్లు పోసిన గాజు గొట్టానికి, సరిగ్గా కాంతి దూరేచోట, గంధం బొట్టు.

"ఇదేంటండీ?"

"నిన్న ఆయుధపూజ కదండీ. వెంటనే తుడిస్తే అపచారం."

ఆ అపచారమేదో నేనే రుమాలుతో చేసి, గొట్టాన్ని మళ్లీ మిషన్‌లో పెట్టించాను. అమ్మోనియా మామూలుగానే ఉంది. ఆయన మాత్రం నా రుమాలు వైపే కోపంగా చూశాడు.

పొద్దుట్నుంచి ఎంతమంది రైతులు ఈయన భక్తిని కొలిపించుకుని వెళ్లారో! మీలో వాళ్లెవరైనా ఉంటే, వల వేయకముందే నీళ్లు మళ్లీ పరీక్ష చేయించుకోండి.