అమీర్‌పేటలో అమెరికన్ లిటరేచర్ సారు

అయినా, పోయే మనిషి ఆదివారం క్లాసు చెప్పేసి పోవచ్చు కదా! శనివారం పొద్దున్నే యూసుఫ్‌గూడలో వాళ్ళింటి నుంచి ఫోను, మా సార్ నిద్రలోనే పోయారని. ఎవరితోనూ వాదన పెట్టుకోకుండా ఆయన చేసిన పని బహుశా ఇదొక్కటే.

రిటైరైన ఇంగ్లిష్ లెక్చరర్. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోచింగ్ బోర్డుల మధ్య ఒక గది అద్దెకు తీసుకుని, ఉద్యోగం చేసుకుంటూ ఎంఏ కట్టినవాళ్ళకి తొలినాళ్ళ అమెరికన్ సాహిత్యం ఊరికే చెప్పేవారు. ఊరి బడిలో తెలుగు మీడియం చదివిన నేను ఇంగ్లిష్ లెక్చరర్‌ని అయ్యానంటే తప్పు ఆయనదే.

బోర్డు మీద 'అమెరికన్' అని చూసి వీసా కోసం మెట్లెక్కి వచ్చేవాళ్ళు. సార్ తిప్పి పంపేవారు కాదు.

"కూసో నాయనా, వీసా లేకుండ పోయినోళ్ళ కథ సుత విను. కొందరు దేవుణ్ణి తమకిష్టమైన తీరుగ మొక్కుకుందామని సముద్రం దాటిండ్రు. దిగంగనే, వేరే తీరుగ మొక్కినోణ్ణి తరిమిండ్రు. ఇంకొందర్ని సంకెళ్ళేసి తెచ్చిండ్రు. ఇద్దరూ స్వేచ్ఛ గురించే రాసిండ్రు."

అలా వీసా ఫైలు పట్టుకుని వచ్చి ఎంఏ కట్టినవాళ్ళు కూడా ఉన్నారు.

ఆయన క్లాసులో ఒక రివాజు. పాఠంలో స్వేచ్ఛ అనే మాట రాగానే చదివేవాళ్ళు ఆగాలి. మిగతా అందరం గట్టిగా "ఎవరికి?" అనాలి. మొదట్లో నాకు సిగ్గేసేది.

"మనుషులంతా సమానమని ఎంత సొగసుగ రాసిండు సార్!" అన్నానొకసారి, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన చదివి.

"రాసిండు. ఆయన రాస్తున్నప్పుడు ఇంట్ల గిన్నెలెవరు తోమిండ్రో జర అడుగు."

ఆ తర్వాత, చదువు నేర్చుకుంటే దెబ్బలు తప్పవని తెలిసీ దొంగతనంగా అక్షరాలు నేర్చుకున్న బానిసల జీవితకథలు చదివించారు. వాటి దగ్గర మాత్రం ఆయన గొంతు తగ్గేది.

ఆయన పోయిన మరుసటి వారమే, ఆయన బదులు నేను పాఠం చెబుతుంటే, బిల్డింగ్ ఓనర్ క్లాసులోకి వచ్చాడు.

"అన్నా, సారు పోయిండు. ఇగ రూమ్ ఖాళీ చేయుండ్రి. కోచింగోళ్ళు అడుగుతున్నరు."

"సారు పోయిండు భాయ్, క్లాసు పోలే. పరీక్షలు దగ్గరున్నయి."

"బిల్డింగ్ నాది. ఇష్టమొచ్చినోళ్ళకిచ్చే స్వేచ్ఛ నాకున్నది."

క్లాసంతా అలవాటు కొద్దీ ఒక్కసారి అరిచింది: "ఎవరికి?"

ఆయన అదిరిపడ్డాడు. "నాకే!" అని మెట్లు దిగిపోయాడు.

ఈ ఆదివారం వచ్చేసరికి తలుపుకి కొత్త తాళం ఉంది. పంజాగుట్టలో మా కాలేజీవాళ్ళని ఒక గది అడుగుతాను, అందాక ఇంటి దగ్గర చదువుకోండి అన్నాను. ఒక్కరూ కదల్లేదు. బ్యూటీపార్లర్‌లో పనిచేసే ఒకమ్మాయి అంది:

"సార్, తాళం తలుపుకేసిండు, మెట్లకు కాదు గదా!"

అందుకే ఇది మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. పైమెట్టు మీద ఆ అమ్మాయి నిలబడి ఒక బానిస రాసుకున్న కథ చదువుతోంది. మెట్రో రైలు పోతున్నప్పుడు ఆగట్లేదు, గొంతు పెంచుతోంది. కోచింగ్ పిల్లలు బ్యాగులు గుండెకి హత్తుకుని, మా మధ్య నుంచి ఎక్కబోయి ఆగి వింటున్నారు. ఇదంతా చూస్తుంటే నాకేమనిపిస్తోందంటే, గది సంగతి తర్వాత, ముందు ఈ...

"సార్, ఓనర్ పైకొస్తుండు! జల్ది రాండ్రి! చదువుడు ఆపాల్నా?"

వస్తున్నా. ఆపకమ్మా, ఇంకా గట్టిగ