బీరమ్మ మూత లెక్క

మోత్కూరు దగ్గరి ఊళ్లో గొర్రెలు కాసుకునే బీరమ్మ చేతి మీద అందరికీ గురి. వానలు పడగానే జీవాల కడుపులో పురుగులు పోయేందుకు నట్టల మందు పోయాలి. ఎవరి మందకైనా బీరమ్మే రావాలి. గొర్రె దవడ పట్టి, సీసా మూతను అంచుదాకా నింపి, చుక్క ఒలకకుండా గొంతులో దింపేది. మొదటి గొర్రెకు ఎంతో చివరి గొర్రెకూ అంతే. "నా చెయ్యి తప్పదు" అనేది. గొప్పలు కాదు, నిజమే.

ఆ ఏడు మరిది వరసయ్యే పెద్దులు దుకాణం నుంచి కొత్త రకం సీసా తెచ్చాడు. "మందు గదే వదినా, కంపెనీ వేరే" అన్నాడు. ఆమె ఎప్పటిలాగే అతని మందకు తలా మూతెడు పోసింది. పొద్దు వాలకముందే గొర్రెలకు నోట నురగ, కాళ్లలో వణుకు. ఒక సూడి గొర్రె పడిపోయి మళ్లీ లేవలేదు.

"నీ చెయ్యి ఎట్ల తప్పింది వదినా?" అన్నాడు పెద్దులు.

బీరమ్మకు ఏడుపొచ్చింది. చెయ్యి తప్పలేదని ఆమెకు తెలుసు. మరి గొర్రె ఎందుకు చచ్చింది?

పశువుల డాక్టరు స్నేహలత వచ్చి మిగతావాటికి సూదులు వేసి బతికించింది. తర్వాత రెండు మూతలనూ నీళ్లతో నింపి, గీతలున్న సిరంజిలోకి లాగి చూపించింది. కొత్త మూతలో పాతదానికి రెండింతలు పట్టింది.

"చెయ్యి తప్పలేదమ్మా, అన్నిటికి ఒక్క తీరుగనే పోసినవ్. కానీ ఒక్క తీరుగ పోసుడు వేరు, సరిగ్గ పోసుడు వేరు. కొలతే తప్పైతే, చెయ్యి ఎంత నిలకడున్నా అన్నిటికి అదే తప్పు పోతది. గొర్రె బరువు చూసి పొయ్యాలె."

మూత పుట్టింది సీసా మూయడానికి. పాత మూత ఏదో అదృష్టం కొద్దీ సరిపోతూ వచ్చింది కాబట్టి ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

బీరమ్మ గీతల సిరంజి కొన్నది, వేలాడే కాటా కొన్నది. "ఓ మూతెడు పొయ్యరాదు" అని ఎవరన్నా అంటే "ఏ సీసా మూత?" అని కసిరేది. మళ్లీ మందు పోసే కాలం వచ్చింది. అందరి మందలూ వచ్చాయి, పెద్దులుది తప్ప. ఆమె కళ్లు మాత్రం బాట మీదే ఉన్నాయి.

చివరికి పెద్దులు వచ్చాడు. మొదటి గొర్రెను తానే ఎత్తి కాటాకు తగిలించాడు.

"గా కాటా గీతలు నాకు కానరావు వదినా. ఎంతున్నదో నువ్వే చూసి చెప్పు."

బీరమ్మకు కళ్లలో నీళ్లు తిరిగి ముల్లు మసకబారింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ చూసింది.